గాలిలో కెమెరా నిలబడాలంటే

(విజయవాడలో వీడియోగ్రాఫర్లు, ఇంజనీరింగ్ విద్యార్థులు, ఆటోనగర్ పనివాళ్ళు కలిసి కూర్చున్న ఒక సభలో చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం తప్ప మాటలు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకి రండి, ఇక్కడ చాప మీద చోటుంది. ఈ బల్ల మీద వస్తువులు అందరికీ కనపడాలి. కనపడకపోతే నేను చెప్పేదాంట్లో సగం అర్థం కాదు.

ఇవాళ మాట్లాడేది గింబల్ గురించి, అంటే డ్రోన్ కింద కెమెరాని నిలకడగా పట్టుకునే మోటార్ల చట్రం. ఒక లెక్కతో మొదలుపెడదాం. ప్రకాశం బ్యారేజీ అందరం చూసిందే. 70 గేట్లు. ఒక్కో గేటు సుమారు 12 మీటర్ల వెడల్పు. మీ కెమెరా బ్యారేజీకి అర కిలోమీటరు దూరంలో, నది మీద గాలిలో ఉందనుకోండి. గాలి కొట్టింది. కెమెరా పక్కకి ఒక సెంటీమీటరు జరిగింది. ఫ్రేములో బ్యారేజీ ఎంత జరుగుతుంది? ఆ ఒక్క సెంటీమీటరే. 12 మీటర్ల గేటులో సెంటీమీటరు తేడా ఎవరికి కనపడుతుందండీ? ఎవరికీ కనపడదు.

ఇప్పుడు కెమెరా జరగలేదు, తిరిగింది. ఒక్క డిగ్రీ తిరిగింది. అర కిలోమీటరు దూరంలో ఒక డిగ్రీ అంటే ఎంత? 8.7 మీటర్లు. దాదాపు ముప్పావు గేటు! సరే, డిగ్రీ ఎక్కువే, డిగ్రీలో పదో వంతు తీసుకుందాం. అదీ 87 సెంటీమీటర్లు. ఫోర్‌కే ఫ్రేములో అడ్డంగా 3840 పిక్సెళ్ళుంటాయి. మీ లెన్సు 60 డిగ్రీలు చూస్తుంటే డిగ్రీకి 64 పిక్సెళ్ళు, పదో వంతుకి ఆరు పిక్సెళ్ళు. అదే 10 డిగ్రీలు మాత్రమే చూసే టెలీ లెన్సు పెట్టారా, పదో వంతు డిగ్రీకే 38 పిక్సెళ్ళు ఎగిరిపోతాయి. తెర మీద బ్యారేజీ మొత్తం వణుకుతుంది.

కాబట్టి ముందు ఇది మనసులో పెట్టుకోండి. జరగటం వేరు, తిరగటం వేరు. పైనుంచి తీసేటప్పుడు మన శత్రువు జరగటం కాదు, తిరగటం. డ్రోన్ ఎటు జరిగినా పర్లేదు, కెమెరా తిరగకూడదు. ఇవాళ బల్ల మీదున్న ఈ గింబల్ చేసే పని మొత్తం ఇంతే. కెమెరాని తిరగనివ్వదు.

ఎలా తిరగనివ్వదు? ఎవరిని అడిగినా, "లోపల ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటుంది సార్, సెన్సార్ ఉంటుంది, అది చూసుకుంటుంది" అంటారు. కాదండీ. బోర్డు చూసుకునేది ఆఖర్న మిగిలిన కాస్తే. దానికంటే ముందు బేరింగు చూసుకోవాలి, బరువు చూసుకోవాలి, మనం పెట్టిన అల్యూమినియం చూసుకోవాలి. ఈ మాట మన ఊళ్ళో చెప్పాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నాను. ఎందుకంటే బోర్డు ఎవడైనా కొంటాడు. బేరింగు కూర్చోబెట్టటం తెలిసిన చేతులు ఆటోనగర్‌లో వీధికి పదిమందికి ఉన్నాయి.

కొంచెం వెనక్కి వెళ్దాం. డ్రోన్లు రాకముందు పైనుంచి సినిమా ఎలా తీసేవాళ్ళు? హెలికాప్టర్లోంచి. హెలికాప్టర్ తలుపు దగ్గర కూర్చుని భుజం మీద కెమెరా పెట్టుకుంటే, ఆ అదురుకి బొమ్మలో ఏమీ మిగలదు. 1960లలో అమెరికాలో నెల్సన్ టైలర్ అనే ఆయన హెలికాప్టర్ కోసం ఒక మౌంటు కట్టాడు. కెమెరా ఒకవైపు, దానికి సరిపడా బరువు ఇంకోవైపు, మధ్యలో స్వేచ్ఛగా తిరిగే కీలు. మోటార్లు లేవు, సెన్సార్లు లేవు. 1970ల మధ్యలో గారెట్ బ్రౌన్ స్టెడీకామ్ తెచ్చాడు. దాన్ని మనిషి ఒంటికి కట్టుకుని నడుస్తాడు. దాంట్లోనూ అదే సూత్రం. కెమెరాని బిగించి పట్టుకోవద్దు, బరువు సరిచేసి వదిలెయ్యి. కెమెరా జడత్వమే దాన్ని నిలబెడుతుంది.

అక్కడితో సరిపోలేదు. జడత్వం ఇంకా కావాలి, బరువు మాత్రం పెరగకూడదు. దానికి జైరోస్కోప్ పనికొచ్చింది, అంటే గిర్రున తిరిగే చక్రం. అసలు ఆ పరికరం పాతది. 1852లో ఫ్రాన్స్‌లో ఫూకో అనే శాస్త్రవేత్త, భూమి తిరుగుతోందని చూపించటానికి చేసింది. అదేం చేస్తుందో మాటల్లో చెప్పటం కంటే చేతికిస్తే తెలుస్తుంది. ఆ సైకిలు చక్రం ఇలా ఇవ్వండి. ఎవరైనా ఒకరు రండి. రా నాన్నా, నువ్వే రా. ఇరుసు రెండు వైపులా గట్టిగా పట్టుకో. చక్రం నిలువుగా ఉంచు. ఇప్పుడు నేను తిప్పుతున్నాను. బాగా తిరుగుతోందా? ఇప్పుడు నీ కుడి చెయ్యి పైకెత్తి చక్రాన్ని వంచు. ఏమైంది? వంగనంటోంది కదూ. వంగకపోగా పక్కకి మళ్ళుతోంది. నువ్వు ఒకవైపు తోస్తే అది దానికి 90 డిగ్రీల అవతల కదులుతోంది. అందరూ చూశారా? ఇంకోసారి చెయ్యి. వేగం తగ్గేకొద్దీ ఆ మొండితనం తగ్గుతోంది, గమనించావా? ఆ, కూర్చో బాబూ.

ఇదే పని చిన్న డబ్బాలో చేశారు. అమెరికాలో కెన్యన్ అనే కంపెనీ జైరోలున్నాయి. పిడికిలంత డబ్బా, లోపల రెండు చక్రాలు, నిమిషానికి ఇరవై వేల పైచిలుకు తిరుగుతాయి. కెమెరా అడుగున బిగిస్తారు. స్విచ్చి వేశాక ఆ వేగం అందుకోవటానికి కొన్ని నిమిషాలు ఆగాలి. అందుకున్నాక కెమెరా వణకటం మానేస్తుంది. కెనడాలో వెస్టింగ్‌హౌస్ వాళ్ళ దగ్గర పుట్టిన వెస్‌కామ్ అయితే ఇంకా పెద్దది. హెలికాప్టర్ కింద పెద్ద గుండు, దాని లోపల కెమెరా, ఆ గుండులోనూ జైరోలే. 

కానీ ఈ చక్రాలకి రెండు ఇబ్బందులున్నాయి. ఒకటి బరువు. రెండోది, చక్రం మీ వణుకుని ఆపినట్టే మీరు కావాలని తిప్పినా ఆపుతుంది. కెమెరాని కనకదుర్గమ్మ కొండ మీద నుంచి నెమ్మదిగా నది వైపు తిప్పాలనుకుంటారు, అది వద్దంటుంది. మన చిన్న డ్రోన్ మీద ఆ డబ్బాలు పెట్టి ఎగరటం కష్టం.

ఇప్పుడు మనం వాడే జైరో ఇదిగో, ఈ వేలిగోరంత చిప్పు. ఎంపీయూ-6050. మీలో చాలామంది కాలేజీ ప్రాజెక్టుల్లో వాడే ఉంటారు. దీంట్లో చక్రం లేదు. సిలికాన్‌లో చెక్కిన అతి చిన్న ముక్క ఒకటి అదురుతూ ఉంటుంది. చిప్పు తిరిగితే ఆ అదురు పక్కకి మళ్ళుతుంది, కొరియోలిస్ బలం వల్ల. ఎంత మళ్ళిందో కొలిచి, సెకనుకి ఎన్ని డిగ్రీలు తిరుగుతున్నామో చెబుతుంది. మీ జేబులో ఫోనులోనూ ఇలాంటిదే ఉంది. ఒక్క తేడా గుర్తుంచుకోండి. ఆ చక్రం కెమెరాని పట్టుకునేది. ఈ చిప్పు దేన్నీ పట్టుకోదు. సమాచారం ఇచ్చి ఊరుకుంటుంది. పట్టుకోవాల్సింది మోటారు.

మోటారు దగ్గర కాసేపు ఆగుదాం. మొదట్లో అభిరుచి కోసం కట్టేవాళ్ళు రేడియో కంట్రోల్ విమానాల సర్వోలు, అంటే రెక్కల పలకల్ని కదిపే చిన్న మోటార్లు, పెట్టేవాళ్ళు. సర్వోలో గేర్లుంటాయి. గేరు అంటే పళ్ళ మధ్య ప్లే, అంటే కాస్త వదులు, తప్పదు. అది మెట్లు మెట్లుగా కదులుతుంది. పదో వంతు డిగ్రీ మనకి 87 సెంటీమీటర్లని ఇందాకే లెక్కేశాం కదా. ఆ ప్లే ముందు ఇక ఏ బోర్డు పెట్టినా లాభం లేదు. 2012, 2013 ప్రాంతంలో పద్ధతి మారింది. గేరు తీసేశారు. బ్రష్‌లెస్ మోటారుని నేరుగా ఇరుసుకే బిగించారు. 2013లో ఫ్రీఫ్లై కంపెనీ తెచ్చిన మోవీ అనే గింబల్ చూసి సినిమావాళ్ళు ఆశ్చర్యపోయారు. అదే రోజుల్లో గింబల్ మోటార్లని నడిపే బోర్డు, అలెక్సీ మొస్కలెంకో చేసిన సింపుల్‌బీజీసీ, వచ్చింది. దానితో, ఇంట్లో కూర్చుని కట్టుకునేవాళ్ళకి కూడా దారి దొరికింది.

అయితే డ్రోన్ రెక్కలు తిప్పే మోటారే తెచ్చి గింబల్‌కి పెడదామంటే కుదరదు. ఎందుకు కుదరదు? రెక్కల మోటారులో లావు తీగ, తక్కువ చుట్లు. నిరోధం ఓమ్‌లో పదో వంతు ఉంటుందనుకోండి. గింబల్ మోటారు తిరగదు, నిలబడి పట్టుకుంటుంది. నిలబడ్డ మోటారుకి 12 వోల్టులు నేరుగా తగిలితే 120 ఆంపియర్లు. కాలిపోతుంది. అందుకని గింబల్ మోటారుకి సన్న తీగ, ఎక్కువ చుట్లు, పది ఓమ్‌ల పైన నిరోధం. అప్పుడు ఆంపియరుకి కాస్త పైన, అంతే. తయారైన గింబల్ మోటార్లు దొరుకుతాయి. కానీ పాత మోటారు ఉంటే మళ్ళీ చుట్టుకోవచ్చు. పొలాల బోరు మోటార్లు రీవైండింగ్ చేసే మేస్త్రీలు మన చుట్టూ ఎంతమంది ఉన్నారు! వాళ్ళ పక్కన ఒక సాయంత్రం కూర్చోండి. మోటారులో 12 పళ్ళు, అంటే తీగ చుట్టే ఇనప కొమ్ములు, 14 అయస్కాంతాలు. ఏ పన్ను మీద ఎటు చుట్టాలో కాయితం మీద గీసి ఇస్తే, వాళ్ళు చుట్టినంత శుభ్రంగా మనం చుట్టలేం.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. బ్యాలెన్సు.

ఈ గింబల్ చూడండి. కరెంటు ఇవ్వలేదు. బ్యాటరీ అక్కడ విడిగా ఉంది. కెమెరా మూతిని కిందికి దించి వదులుతున్నాను. అక్కడే ఆగింది. పైకెత్తి వదులుతున్నాను. అక్కడే ఆగింది. నేలకి నలభై డిగ్రీల్లో వదిలినా అక్కడే. ఎక్కడ వదిలితే అక్కడ నిలబడాలి. మళ్ళీ చెబుతున్నాను, ఎక్కడ వదిలితే అక్కడ నిలబడాలి. ఇలా నిలబడేదాకా బోర్డు పెట్టెలోంచి బయటికి తియ్యకండి.

దీని వెనక లెక్క చిన్నదే. బడిలో చదువుకున్నాం కదా, గరిమనాభి అని. కెమెరా, లెన్సు, బిగించిన పళ్ళెం, అన్నీ కలిపిన బరువుకి ఒక గరిమనాభి ఉంటుంది. తిరిగే ఇరుసు సరిగ్గా దాంట్లోంచి పోవాలి. 600 గ్రాముల కెమెరా అర సెంటీమీటరు పక్కకి ఉందనుకోండి. 600 ఇంటూ అర, 300 గ్రాము-సెంటీమీటర్ల తిప్పుడు బలం. మీ మోటారు ఎగిరినంతసేపూ ఆ 300ని మోస్తూ ఉండాలి. అసలు పనికి దాని దగ్గర ఏం మిగులుతుంది? వేడెక్కుతుంది, బ్యాటరీ తింటుంది, గాలి కొట్టినప్పుడు చేతులెత్తేస్తుంది. అదే ఇరుసు గరిమనాభిలోంచి పోతే? డ్రోన్ వంగుతుంది, బేరింగు తిరుగుతుంది, కెమెరాకి తిరగాల్సిన అవసరమే రాదు. జడత్వం దాన్ని ఉన్నచోటే ఉంచుతుంది. మోటారు చెయ్యాల్సిందల్లా బేరింగు రాపిడినీ, వైర్ల లాగుడునీ సర్దటమే.

ఇక్కడ చాలామంది ఒక తెలివైన ఆలోచన చేస్తారు. కింద కొంచెం బరువు ఎక్కువ పెడితే కెమెరా దానంతటదే నిటారుగా ఉంటుంది కదా అని. నేల మీద చూస్తే బాగానే ఉంటుంది. నిటారుగానే ఉంటుంది. కానీ గాలిలో డ్రోన్ ఒక్కసారి ముందుకి దూకిందంటే కింద బరువు వెనక్కి ఊగుతుంది. బ్రేకు వేస్తే ముందుకి ఊగుతుంది. మీరు గింబల్ బదులు లోలకం కట్టారన్నమాట. అందుకే కెమెరా సమంగా ఉన్నప్పుడు ఆగితే సరిపోదు. మూతి ఆకాశం వైపు పెట్టి వదలాలి. నేల వైపు పెట్టి వదలాలి. అక్కడా ఆగాలి. ముందు వెనకలు సరిచేసి వదిలేసేవాళ్ళు ఎక్కువ. పైకీ కిందికీ సరిచేసేవాళ్ళు తక్కువ. తేడా అంతా అక్కడే ఉంటుంది.

వరస కూడా ముఖ్యం. ముందు పిచ్, అంటే మూతి పైకి కిందికి ఊగే ఇరుసు. అది కెమెరాకి అన్నిటికంటే దగ్గరది. తర్వాత రోల్, అంటే కెమెరా పక్కలకి ఒరిగే ఇరుసు. ఆఖర్న యా, అంటే కుడి ఎడమలకి తిరిగే ఇరుసు. యా ఇరుసు నిలువుగా ఉంటుంది కాబట్టి గురుత్వం దాని తప్పుని చూపించదు. దాన్ని పరీక్షించాలంటే గింబల్ మొత్తాన్ని పక్కకి వంచి పట్టుకోండి. ఒకవైపు బరువుంటే అటు జారుతుంది. ఇవన్నీ చేసేముందు లెన్సు, ఫిల్టరు, బ్యాటరీ, మెమరీ కార్డు అన్నీ కెమెరాలో ఉండాలి. తర్వాత ఫిల్టరు మార్చారా, మళ్ళీ మొదటినుంచి. జూమ్ చేస్తే బయటికి పొడుచుకొచ్చే లెన్సు గాలిలోకి వద్దు. ఒక్కటే ఫోకల్ లెంగ్త్ ఉన్న లెన్సు పెట్టుకోండి.

ఆటోనగర్ అన్నలూ, ఇప్పుడు మీతో మాట్లాడుతున్నాను. మోటారు లేని వైపు ఇరుసుకి 608 బేరింగులు వాడాం. ఎనిమిది మిల్లీమీటర్ల బోరు, అంటే లోపలి రంధ్రం, 22 బయటి వ్యాసం. ఎక్కడైనా దొరుకుతాయి. ఒకటి కాదు, రెండు, మధ్యలో దూరం ఉంచి పెట్టాలి. ఒక్క బేరింగు మీద ఇరుసు తల ఊపుతుంది. హౌసింగ్ బోరు, అంటే బేరింగు కూర్చునే రంధ్రం, వేళ్ళతో నొక్కితే కూర్చునేట్టు ఉండాలి. సుత్తితో కొట్టాల్సి వస్తే బేరింగు బిగుసుకుపోతుంది, వదులైతే టకటకలాడుతుంది. ఈ ఫిట్ గురించి ఎన్ని వీడియోలు చూసినా రాదు. లేత్ మీద పనిచేసే మేస్త్రీకి వేలితో తాకితే తెలుస్తుంది. విద్యార్థులూ, మీరు డ్రాయింగు పట్టుకుని వాళ్ళ దగ్గరికి వెళ్ళండి. గురువుగారూ అని అడగండి, చెబుతారు.

చేతులు, అంటే కెమెరానీ మోటార్లనీ కలిపే ఈ మడిచిన అల్యూమినియం పట్టీలు. ఇవి వంగకూడదు. ఎందుకంటే మోటారు ఒకవైపు తోస్తుంది, చెయ్యి కాస్త వంగుతుంది, ఆ కదలిక సెన్సార్‌కి ఆలస్యంగా చేరుతుంది. అప్పటికి బోర్డు ఇంకా తోస్తూ ఉంటుంది. చెయ్యి తిరిగి కొడుతుంది. గింబల్ గజగజ వణకటం మొదలవుతుంది. బోర్డు సెట్టింగులు ఎన్ని మార్చినా పోని వణుకు ఇది. చదును పట్టీ అయితే మందం రెట్టింపు చేస్తే గట్టితనం ఎనిమిది రెట్లు. రెండు మిల్లీమీటర్లు నాలుగు చేస్తే ఎనిమిది రెట్లు! దానికంటే చదరపు గొట్టం ఇంకా మేలు, బరువు పెరగకుండా గట్టిగా ఉంటుంది. మూలల్లో రెండు స్క్రూలు సరిపోవు, మూడో నాలుగో వేసి, స్క్రూ మరలకి జిగురు పెట్టండి. అదురుకి స్క్రూ వదులవటం ఖాయం.

వైర్లు. ఇది ఎవరూ పట్టించుకోరు. గింబల్ చక్కగా ఆగుతుంది. వైర్లు కలపగానే ఆగటం మానేస్తుంది. ఎందుకు? మందపాటి వైరు స్ప్రింగులా వెనక్కి లాగుతుంది. సిలికాన్ తొడుగున్న సన్న వైర్లు తీసుకోండి. వీలైతే మోటారు గుల్ల ఇరుసులోంచి పంపండి. లేదంటే పొడుగ్గా వదులు చుట్ట ఉంచండి. హెచ్‌డీఎంఐ కేబులు మామూలుది అసలు వద్దు. దాని మందమే మీ బ్యాలెన్సుని చంపుతుంది.

ఇంతవరకూ నెమ్మదిగా తిరగటం గురించి మాట్లాడాం. ఇక వేగంగా అదరటం. డ్రోన్ రెక్క నిమిషానికి 6000 తిరిగితే సెకనుకి 100. ఆ రెక్కలో ఒక గ్రాము అటూ ఇటూ అయినా సెకనుకి వందసార్లు గుద్దుతుంది. ఇది గింబల్ మోటారు ఆపే పని కాదు. ఆపలేదు. మీ కెమెరాలో చిత్రం పైవరస నుంచి కిందివరస దాకా ఒక్కో గీతగా చదువుతారు కాబట్టి, ఆ అదురుకి ఫ్రేము మధ్యలోనే గీతలు పక్కకి జరుగుతాయి. కరెంటు స్తంభం పాములా వంకరపోతుంది. ముందు రెక్కల్ని బ్యాలెన్సు చెయ్యండి. తర్వాత డ్రోన్‌కీ గింబల్‌కీ మధ్య పెట్టే రబ్బరు.

రబ్బరు ఎంత మెత్తగా ఉండాలి? దీనికి స్కేలుతో కొలిచే చిట్కా ఉంది, రాసుకోండి. గింబల్, కెమెరా అన్నీ వేలాడదీశాక రబ్బరు ఎన్ని మిల్లీమీటర్లు సాగిందో కొలవండి. దాని వర్గమూలంతో 15.8ని భాగించండి. అది ఆ రబ్బరు సహజంగా ఊగే వేగం, సెకనుకి. ఒక మిల్లీమీటరు సాగితే సెకనుకి 16. పది మిల్లీమీటర్లు సాగితే 5. రబ్బరు ఆ సంఖ్యకి దాదాపు ఒకటిన్నర రెట్లు దాటిన అదుర్లనే తగ్గిస్తుంది. అంతకంటే తక్కువ వాటిని తగ్గించదు, పైగా ఆ సంఖ్య దగ్గరికి వచ్చినవాటిని పెంచుతుంది. మన అదురు 100 దగ్గర. కాబట్టి 16 ఉన్నా హాయిగా పనిచేస్తుంది. మరీ మెత్తగా, పది మిల్లీమీటర్లు సాగేది పెడితే డ్రోన్ వంగినప్పుడల్లా గింబల్ మొత్తం ఊగులాడుతుంది. నాకు రెండు మూడు మిల్లీమీటర్లు సాగేది నచ్చుతుంది. ఇంకో సంగతి, రబ్బరు ఎండకి మెత్తబడుతుంది. మన రోహిణి కార్తెలో, రోళ్ళు పగిలే ఎండలో, ఏసీ గదిలో కొలిచిన లెక్క నిలవదు. బయట కొలవండి.

ఎండ అన్నాను కాబట్టి సెన్సార్ సంగతి కూడా. ఈ చిప్పు కదలకుండా ఉన్నా కొంచెం తిరుగుతున్నట్టు చెబుతుంది. ఆ అబద్ధం వేడిని బట్టి మారుతుంది. చల్లటి గదిలో కాలిబ్రేట్ చేసి, అంటే ఆ అబద్ధాన్ని సున్నాకి సరిచేసి, ఎండలోకి తీసుకెళ్ళి ఎగరేస్తే కెమెరా నెమ్మదిగా ఒకవైపు ఒరిగిపోతుంది. ఎగరేసే చోటే, కాసేపు ఆన్‌లో ఉంచాక, బల్ల మీద కదలకుండా పెట్టి కాలిబ్రేట్ చెయ్యాలి.

ఈ ఒరగటం గురించి ఎవరో ముందే చీటీ పంపారు. "సార్, గుడి చుట్టూ గుండ్రంగా తిప్పి తీస్తే నేల ఎందుకు వంకరగా వస్తోంది?" మంచి ప్రశ్న. చెబుతాను. జైరో తిరుగుడు వేగాన్నే చెబుతుంది. దాన్ని కూడుకుంటూ పోతే కోణం వస్తుంది, కానీ చిన్న చిన్న తేడాలు కూడా కూడుకుంటూ పోతాయి. అందుకని పక్కనే ఉన్న యాక్సిలరోమీటర్‌ని, అంటే త్వరణం కొలిచే సెన్సార్‌ని, అడిగి, కిందివైపు ఏదో సరిచూసుకుంటుంది బోర్డు. క్షణాల మీద జైరోని నమ్ముతుంది, నిమిషాల మీద యాక్సిలరోమీటర్‌ని నమ్ముతుంది. నిలకడగా ఎగిరినప్పుడు ఇది చక్కగా కుదురుతుంది. కానీ గుండ్రంగా తిరిగేటప్పుడు? 50 మీటర్ల వ్యాసార్థంలో సెకనుకి 10 మీటర్ల వేగంతో తిరుగుతున్నారనుకోండి. పది పదుల వంద బై యాభై, 2. సెకనుకి సెకనుకి రెండు మీటర్ల త్వరణం పక్కకి పనిచేస్తుంది. గురుత్వం 9.8 కిందికి. రెండూ కలిపితే యాక్సిలరోమీటర్‌కి కిందివైపు అనేది 11 డిగ్రీల పైన వంకరగా కనపడుతుంది. పాపం అది అబద్ధం చెప్పటం లేదు, దానికి అలాగే ఉంటుంది. ఒక్క చుట్టుకి ఏమీ కాదు. నాలుగైదు చుట్లు ఆగకుండా కొడితే బోర్డు దాన్ని నమ్మటం మొదలుపెడుతుంది. కాబట్టి నెమ్మదిగా తిరగండి, పెద్ద చుట్టు తిరగండి, మధ్యలో ఆగి కాసేపు గాలిలో నిలబెట్టండి. బోర్డులో యాక్సిలరోమీటర్‌ని ఎంత నమ్మాలో సెట్టింగు ఉంటుంది. అది తగ్గించి చూడండి.

బోర్డు మోటార్ని ఎంత తోయాలో నిర్ణయించే సెట్టింగులు, పీఐడీ, వాటి గురించి కొద్దిగానే చెబుతాను, ఎందుకంటే బ్యాలెన్సు కుదిరాక అది పెద్ద పని కాదు. పీ అంటే తప్పు ఎంతుందో దాన్ని బట్టి తోయటం. డీ అంటే ఆ తోపుకి కళ్ళెం. ఐ అంటే ఎంతకీ పోని చిన్న తప్పుని మెల్లగా సరిదిద్దటం. ఒక్కో ఇరుసుకి విడిగా చెయ్యండి. పీ నెమ్మదిగా పెంచండి, మోటారు సన్నగా జుమ్మనేదాకా. అక్కడ ఆగి వెనక్కి తగ్గించండి. డీ కూడా అంతే. కెమెరా మీద వేలు పెట్టి నెట్టి చూడండి, గట్టిగా ఎదురు తిరగాలి. పావుగంటయ్యాక మోటారు మీద చెయ్యి పెట్టండి. పెట్టలేనంత వేడి ఉంటే పవర్ తగ్గించండి. పవర్ తగ్గిస్తే పట్టు పోతోందా? అయితే మళ్ళీ బ్యాలెన్సు దగ్గరికి వెళ్ళండి. సెట్టింగుల్లో వెతక్కండి, అక్కడ దొరకదు.

వీడియో తీసే అన్నలకి ఒక మాట. సెకనుకి 25 ఫ్రేములు తీస్తుంటే షట్టరు యాభైలో ఒక వంతు దగ్గర పెట్టండి. మన మధ్యాహ్నం ఎండలో అలా పెడితే చిత్రం తెల్లగా కాలిపోతుంది, అందుకు వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టరు. షట్టరు మరీ వేగంగా పెడితే ప్రతి చిన్న అదురూ కత్తితో కోసినట్టు విడివిడిగా కనపడుతుంది. పెళ్ళిళ్ళ వీడియోల్లో కనపడే వణుకులో కొంత ఇదే.

ఇక గాలిలోకి ఎగరేయటం. నేను ఈ విషయంలో కచ్చితంగా ఉంటాను. 2021లో వచ్చిన డ్రోన్ రూల్స్ ఉన్నాయి. మోసే సరుకుతో కలిపి బరువు లెక్క. 250 గ్రాముల దాకా నానో, రెండు కిలోల దాకా మైక్రో, ఆ పైన 25 కిలోల దాకా స్మాల్. మనం కట్టిన గింబల్, కెమెరా, బ్యాటరీ అన్నీ కలిపితే రెండు కిలోలు దాటటం తేలిక. దాటితే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కావాలి. డ్రోన్‌కి రిజిస్ట్రేషన్‌లో ఇచ్చే విశిష్ట సంఖ్య అయితే దాటకపోయినా కావాలి. ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లోనైనా 400 అడుగుల వరకే. గన్నవరం వైపు విమానాశ్రయం ఉంది. ఎగరేసేముందు ప్రతిసారీ ప్రభుత్వ వెబ్‌సైటు డిజిటల్ స్కైలో మ్యాపు చూడండి, అనుమతి కావాల్సిన చోట అడగండి. బ్యారేజీ పేరు ఇందాక లెక్క కోసం చెప్పాను. రేపు పొద్దున్నే వెళ్ళి దాని మీద ఎగరేయమని కాదు.

పెళ్ళిమండపం మీద, జనం మీద చేత్తో కట్టిన బరువు ఎగరేయకండి. ఎంత నమ్మకం ఉన్నా వద్దు. కెమెరాకి బిగించిన స్క్రూతో పాటు విడిగా ఒక తీగ తాడు డ్రోన్ శరీరానికి కట్టి ఉండాలి. స్క్రూ ఊడినా కెమెరా కింద పడకూడదు. అసలు గాలిలోకి వెళ్ళేముందు గింబల్‌ని చేత్తో పట్టుకుని మెట్లు ఎక్కి దిగండి, బండి వెనక కూర్చుని గతుకుల రోడ్డు మీద తిరగండి. నేల మీద నిలబడనిది గాలిలో నిలబడదు.

ఇంతా చేసి ఎందుకు? తయారైనది కొనుక్కోవచ్చు కదా అని మీలో కొందరికి ఉంటుంది. అడగాల్సిన ప్రశ్నే. మామూలు వీడియోకి కొనుక్కోండి, తప్పులేదు. కానీ కొన్న గింబల్‌లో దాని కెమెరాయే పడుతుంది. మీకు వేడిని చూసే కెమెరా కావాలి, మిరప చేల తెగులు కోసం ఇంకో రకం కెమెరా కావాలి, పాత మంచి లెన్సు ఒకటి వాడాలి. దానికి తగ్గ గింబల్ ఎవరు అమ్ముతారు? 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో డ్రోన్లతో అన్నం పొట్లాలు వేశారు. మీలో కొందరు ఆ నీళ్ళలో ఉన్నవాళ్ళే. అలాంటి రోజున ఏ ఇంటి మీద మనుషులున్నారో దూరం నుంచి నిలకడగా చూపించే కెమెరా ఎంత అవసరం! ఆ మరుసటి నెలలోనే పున్నమి ఘాట్ దగ్గర అయిదు వేల పైచిలుకు డ్రోన్లు ఒకేసారి ఎగిరాయి, ఊరంతా చూసింది. చూసి సంతోషించాం. ఇక చెయ్యటం కూడా మన ఊళ్ళో జరగాలని నా కోరిక. పూర్తిగా తయారైన విదేశీ డ్రోన్ల దిగుమతిని 2022లో ఆపారు, విడిభాగాల్ని ఆపలేదు. మోటారు, చిప్పు తెప్పించుకోవచ్చు. మిగతాదంతా ఇక్కడ లేత్ మీద అవుతుంది.

సరే, ఇప్పుడు బల్ల దగ్గరికి రండి. ఒక్కసారి అందరూ కాదు, అయిదారుగురు చొప్పున. ఇక్కడ గింబల్ ఒకటి కావాలని బ్యాలెన్సు తప్పించి పెట్టాను, పక్కనే స్క్రూడ్రైవరు ఉంది. కరెంటు లేదు, ఏమీ పాడవదు, భయపడకండి. ముందు పిచ్, తర్వాత రోల్, తర్వాత యా. విద్యార్థులు దాన్ని సరిచెయ్యండి. ఆటోనగర్ అన్నలు ఈ రెండోదాని దగ్గరికి రండి. రోల్ ఇరుసు హౌసింగ్ విప్పి చూడండి. ఇంకా తేలిగ్గా, ఇంకా గట్టిగా ఎలా తియ్యొచ్చో మీరు చెప్పండి. నేను పుస్తకం తెచ్చుకున్నాను, రాసుకుంటాను.